పీసీఓఎస్‌కు ఆహార చికిత్స: తెలుగింటి పళ్ళెంతోనే మొదలుపెట్టే పద్ధతి

పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య) అని తేలిన అమ్మాయికి తిండి గురించి దొరికే సలహా చాలాసార్లు ఒక్క ముక్కే: "అన్నం మానేసి బరువు తగ్గమ్మా." ఇంటికొచ్చాక గందరగోళం మొదలవుతుంది. అమ్మ పొద్దున్నే మెంతుల నీళ్ళు తాగమంటుంది. పిన్ని పాలు మానెయ్యమంటుంది. ఆఫీసులో ఫ్రెండ్ పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే కీటో డైట్ మొదలుపెట్టమంటుంది. ఫోన్ తెరిస్తే నాలుగు రకాల గింజల ప్యాకెట్లు కనిపిస్తాయి. కొన్నాళ్ళు చపాతీ, కీరా ముక్కలతో నెట్టుకొచ్చి, నీరసపడి, మళ్ళీ పాత తిండికే వచ్చేసి "ఇది నా వల్ల కాదు" అని వదిలేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు పట్టుదల లేక కాదు, ఏళ్ళ తరబడి పాటించగలిగే సలహా వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

పీసీఓఎస్‌లో ఆహారం నిజంగానే చికిత్స. దానికోసం మన వంటల్ని వదులుకోనక్కర్లేదు. అన్నం కాస్త పక్కకు జరగాలి, పప్పు, కూర, గుడ్డు, పెరుగు ముందుకు రావాలి. ఆ మార్పు ఎలా చేసుకోవాలో వరుసగా చెబుతాను. డాక్టరు రాసిన మందులు వాడుతూనే ఇవన్నీ చేయాలి. తిండి మార్చాను కదా అని మందులు సొంతంగా ఆపకండి.

1. ముందు నిర్ధారణ సరిగ్గా జరిగిందో చూసుకోండి

"స్కాన్‌లో నీటిబుడగలు ఉన్నాయన్నారు" అని చాలామంది చెబుతారు. ఆ ఒక్క స్కాన్‌తోనే పీసీఓఎస్ అని తేల్చకూడదు. 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాల ప్రకారం మూడింటిలో కనీసం రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉన్నట్టు రక్తపరీక్షలోగానీ, గడ్డం మీద వెంట్రుకలు, మొండి మొటిమల రూపంలోగానీ తెలియడం, స్కాన్‌లో అండాశయాల తీరు. ఆ నీటిబుడగలు గడ్డలు కావు, పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండాల సంచులు. వాటిని చూసి భయపడనక్కర్లేదు.

థైరాయిడ్ తేడా వల్లా, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం వల్లా నెలసరి తప్పుతుంది. కాబట్టి ఈ రెండు పరీక్షలూ అయ్యాయో లేదో అడగండి. థైరాయిడ్ సమస్యకు పళ్ళెం మార్చుకుంటూ కూర్చుంటే కాలం వృథా.

టీనేజ్ అమ్మాయిల తల్లులకు ఒక మాట. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపించిన 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు, రజస్వల అయిన 8 ఏళ్ళ వరకూ స్కాన్‌ను బట్టి గానీ, ఏఎంహెచ్ అనే రక్తపరీక్షను బట్టి గానీ పీసీఓఎస్ అని నిర్ధారించవద్దంటున్నాయి. ఆ వయసులో అండాశయాలు సహజంగానే అలా కనిపించవచ్చు. పదిహేనేళ్ళ పిల్లకు స్కాన్ కాగితం చేతికిచ్చి "నీకు పిల్లలు పుట్టరేమో" అన్నట్టు మాట్లాడటం క్రూరత్వం. ఆ మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రానివ్వకండి.

మొదలుపెట్టే ముందు కొన్ని అంకెలు రాసి పెట్టుకోండి: బరువు, నడుము కొలత, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్. మన దేశపు ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటితే జాగ్రత్తపడాలి. షుగర్ విషయంలో పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష మేలు. అది కుదరకపోతే పరగడుపు షుగర్‌తో పాటు, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. పరగడుపున మామూలుగానే ఉండి, తిన్న తర్వాత షుగర్ ఎక్కే దశ ఆ గ్లూకోజ్ పరీక్షలోనే బాగా బయటపడుతుంది.

2. తిండికీ అండాశయానికీ సంబంధం

పీసీఓఎస్ ఉన్న చాలామందిలో, రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ మాట శరీరం సరిగ్గా వినదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అలా పెరిగిన ఇన్సులిన్ రెండు చోట్ల చేటు చేస్తుంది. అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేసేలా చేస్తుంది. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేసేలా కూడా చేస్తుంది. అలా విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ వల్లే మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, తల మీద జుట్టు పలచబడటం. అండం పూర్తిగా ఎదిగి విడుదల కాదు కాబట్టి నెలసరి వెనకబడుతుంది.

ఒక్కసారిగా పెద్ద మొత్తంలో తెల్లన్నమో, తీపి టీయో, మైదా బిస్కెట్లో లోపలికి వెళితే ఇన్సులిన్ ఎగబాకుతుంది. అదే అన్నం తక్కువగా, పప్పుతో, పీచున్న కూరతో కలిసి వెళితే నెమ్మదిగా అరిగి ఇన్సులిన్‌కు అంత పని పడదు. బరువు ఎక్కువున్నవారు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోల దగ్గర మొదలవుతుంది. పెళ్ళినాటి బరువుకు చేరుకోవాలన్న లక్ష్యం ఎవరూ పెట్టుకోనక్కర్లేదు.

2023 మార్గదర్శకాలు చెప్పిన మరో సంగతి చాలామందికి ఊరట. పీసీఓఎస్‌కు ఫలానా డైటే అన్నిటికన్నా గొప్పదని రుజువు కాలేదు. పోషకాలు సమతూకంగా ఉండి, మీరు ఏళ్ళ తరబడి తినగలిగేదే మీకు సరైనది. అంటే మన వంటతోనే ఈ పని చేయవచ్చు.

3. ఒక వారం ఏమీ మార్చకుండా రాయండి

ఫోన్‌లోనో, పాత డైరీలోనో ఒక వారం పాటు తిన్నవన్నీ, తిన్న టైముతో సహా రాయండి. ఆఫీసు టీ, వంట చేస్తూ నోట్లో వేసుకున్న కారప్పూస, పిల్లాడు వదిలేసిన అన్నం, అన్నీ. అప్పుడే మీ సమస్య ఎక్కడుందో తెలుస్తుంది. ఒకరికి అది టీలో ఉంటుంది, మరొకరికి రాత్రి పదిన్నర భోజనంలో, ఇంకొకరికి పొద్దున్నుంచి ఏమీ తినకుండా సాయంత్రం ఆకలితో తినే పఫ్‌లో.

దానితో పాటే నెలసరి తేదీలు రాయడం మొదలుపెట్టండి. ఈ చికిత్స పనిచేస్తోందో లేదో బరువు తూకం కన్నా ముందు ఆ క్యాలెండరే చెబుతుంది.

4. మధ్యాహ్న భోజనం: అన్నం ఒక్కసారే వడ్డించుకోండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే ఉంది. మన భోజనం వరుస ఒకసారి గమనించండి. మొదట పొడో, పచ్చడో వేసుకుని నెయ్యితో కొంత అన్నం. తర్వాత పప్పుతో. తర్వాత కూరతో. తర్వాత చారుతోనో, పులుసుతోనో. చివరికి పెరుగుతో. ప్రతి అంకానికీ కొత్తగా అన్నం పడుతుంది. ఏ ఒక్కసారీ ఎక్కువ అనిపించదు. మొత్తం కలిపితే మాత్రం మూడు కప్పులు సులువుగా దాటుతుంది. ఒక కప్పు అన్నంలో, అంటే సుమారు 150 గ్రాముల్లో, దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పక్కన కూర రెండు చెంచాలకు మించదు.

కాబట్టి మానెయ్యవలసింది అన్నాన్ని కాదు, మళ్ళీ మళ్ళీ వడ్డించుకోవడాన్ని. ఇలా చేయండి.

తినడానికి కూర్చున్నప్పుడు పళ్ళెంలో సగం కూరలతో నింపండి. బీరకాయ, సొరకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, బెండకాయ, వంకాయ, క్యాబేజీ, తోటకూర, ఏదైనా. బంగాళాదుంప, చామదుంప, కంద ఈ సగంలోకి రావు, వాటిని అన్నం లెక్కలో వేయండి. పావు భాగం పప్పు, గుడ్డు, చేప, చికెన్, పనీర్ వంటివి. మిగిలిన పావులో ఒక కప్పు అన్నం. ఆ అన్నాన్నే పప్పుకు, కూరకు సర్దుకోవాలి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినండి, లేదంటే పల్చటి మజ్జిగ చేసుకోండి. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు అనేవాళ్ళు రెండు ముద్దల అన్నం ముందే పక్కన పెట్టుకోండి.

తినే వరుస కూడా మార్చి చూడండి. మొదట కొంత కూర, పప్పు ఉత్తగా తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే, తిన్నాక షుగర్ పెరిగే వేగం తగ్గుతుందని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. దీనికి పైసా ఖర్చు లేదు. నిజానికి ఉత్త పప్పు నాలుగు చెంచాలు తినేసరికే సగం ఆకలి తీరుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులో 2000 కేలరీలకు వేసిన రోజు పళ్ళెం లెక్క ఇదీ: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ మాంసం కలిపి 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాల లెక్క వండకముందుది. పొద్దున ఇడ్లీ రవ్వ, మధ్యాహ్నం బియ్యం, రాత్రి రొట్టె పిండి అన్నీ అందులోనే. బరువు తగ్గాల్సినవాళ్ళకు ధాన్యాలు దీనికన్నా తక్కువే పడతాయి. ఎంత తగ్గించాలన్నది డైటీషియన్‌తో మాట్లాడి తేల్చుకోండి.

నూనె లెక్క నెలకు చూస్తే తెలుస్తుంది. 27 గ్రాములంటే మనిషికి నెలకు లీటరు కన్నా కొంచెం తక్కువ. నలుగురున్న ఇంట్లో మూడున్నర లీటర్లు దాటుతుంటే వేపుళ్ళు తగ్గించాలి. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవాళ్ళు వేపుడు బదులు పప్పు, పులుసుకూర ఎంచుకోండి. కూర పైన తేలిన నూనె తీసేయండి.

5. ఏ బియ్యం, ఏ చిరుధాన్యం

బియ్యమన్నీ ఒకటి కావు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా, గ్లైసీమిక్ సూచిక (తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) సుమారు 51 అని చెబుతారు. 55 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే తక్కువ సూచిక కిందే లెక్క. సన్నన్నం ఇష్టపడే ఇళ్ళకు ఇది మంచి ఎంపిక. ఒక్కటే హెచ్చరిక: తక్కువ సూచిక ఉంది కదా అని రెండు కప్పులు తింటే లాభం పోతుంది. దంపుడు బియ్యం తినగలిగితే పీచు, బీకాంప్లెక్స్ అదనంగా దొరుకుతాయి. మొదట మామూలు బియ్యంలో సగం కలిపి వండండి, గంటకు పైగా నానబెట్టండి.

జొన్నరొట్టె తెలంగాణ పల్లెల్లో పెద్దలు రోజూ తిన్న భోజనమే. రాత్రిపూట ఒకటి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర పప్పు ఉంటే అంతకన్నా మంచి కలయిక దొరకదు. కొర్రలు, సామలు, అరికలు, ఊదలు కూడా మంచివే. అన్నం బదులు వండుకోండి. అయితే చిరుధాన్యాల్లోనూ పిండిపదార్థం దాదాపు బియ్యంలో ఉన్నంత ఉంటుంది. తేడా అంతా పీచులోనూ, అరిగే వేగంలోనూ. "కొర్రలు ఎంత తిన్నా ఫర్వాలేదు" అన్న మాట నమ్మకండి.

రాగిజావ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాగుల్లో కాల్షియం మెండు, అందులో సందేహం లేదు. కానీ మెత్తని పిండిని బాగా ఉడికించి, బెల్లం వేసి, గ్లాసుడు గటగటా తాగితే షుగర్ చప్పున ఎక్కుతుంది. రాయలసీమ తీరులో రాగిసంకటి చిన్న ముద్ద, పక్కన పప్పో, నాటుకోడి పులుసో పెట్టుకుని తినండి. జావే కావాలంటే మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పక్కన ఒక గుడ్డో, గుప్పెడు వేరుశనగలో తినండి.

6. టిఫిన్‌లో ప్రోటీన్ పెట్టండి

మన టిఫిన్లలో బలహీనత ప్రోటీన్ తక్కువవడం. ఇడ్లీలో మినప్పప్పు ఒక వంతు, రవ్వ రెండు మూడు వంతులు. ఉప్మా, పూరీ సంగతి చెప్పక్కర్లేదు. ఎనిమిదింటికి తిని పదకొండుకు మళ్ళీ ఆకలి వేయడానికి కారణం ఇదే.

మనకున్న గొప్ప టిఫిన్ పెసరట్టు. 60 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బి రెండు అట్లు వేసుకుంటే సుమారు 14 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. బియ్యం కలపకండి. పైన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, తరిగిన మునగాకు చల్లండి. లోపల ఉప్మా పెట్టే ఎమ్మెల్యే పెసరట్టు ఎప్పుడైనా హోటల్‌కు వెళ్ళినప్పటికి ఉంచండి.

ఇడ్లీ వదలలేకపోతే రెండింటికి ఆపి, కప్పు నిండా పప్పూ ముక్కలూ ఉన్న సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు చేర్చండి. ఉప్మాలో రవ్వ ఎంతో క్యారెట్, బీన్స్, బఠాణీ అంత వేసి, గుప్పెడు వేరుశనగలు కలపండి. పొద్దున్నే వంటకు టైము లేకపోతే రెండు గుడ్ల ఆమ్లెట్, నిన్నటి కూర, ఒక చపాతీ. గుడ్డు తినని ఇంట్లో మొలకెత్తిన పెసలు ఆవిరికి ఉడికించి నిమ్మరసం పిండుకుంటే చాలు.

7. రోజు ప్రోటీన్ లెక్క వేసుకోండి

మన దేశపు ప్రమాణం ప్రకారం రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. శాకాహార ఇంట్లో అది ఎలా కుదురుతుందో చూడండి. పొద్దున రెండు పెసరట్లు, 14. మధ్యాహ్నం 30 గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పో, గోంగూర పప్పో, 7. కప్పు పెరుగు, 5. సాయంత్రం 40 గ్రాముల శనగలతో గుగ్గిళ్ళు, 8. గుప్పెడు వేరుశనగలు, 7. రాత్రి జొన్నరొట్టెలతో 6, 50 గ్రాముల పనీర్‌తో 9. ఇంకా అన్నంలోని ప్రోటీన్, టీలో పాలు కలపకుండానే 56 అయింది.

మాంసాహారులకు ఇంకా సులువు. గుడ్డుకు 6 గ్రాములు, 100 గ్రాముల చేపకో, చికెన్‌కో 20 గ్రాముల చుట్టుపక్కల. చేపల పులుసు చేపల వేపుడు కన్నా మేలు. 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 గ్రాముల దాకా ఉంటుంది. సోయా తింటే హార్మోన్లు పాడవుతాయన్న భయం పెట్టుకోకండి, మామూలుగా తినే మోతాదులో పీసీఓఎస్‌కు అది హాని చేస్తుందని ఆధారం లేదు.

పప్పు పల్చగా చేస్తే లెక్క తప్పుతుంది. హాస్టళ్ళలో నీళ్ళలాంటి పప్పే పెద్ద సమస్య. అక్కడ ఉండే అమ్మాయిలు గదిలో వేయించిన శనగలు, వేరుశనగలు పెట్టుకోండి, మెస్‌లో గుడ్డు, పెరుగు అదనంగా డబ్బు కట్టైనా తీసుకోండి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లకు ఇంటి నుంచి పంపే డబ్బాలో జంతికల బదులు నువ్వులు, అవిసె గింజల పొడి, వేయించిన శనగలు పెట్టండి.

8. తీపి, టీ, పండ్లు

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. అంటే టీల ద్వారానే 30 గ్రాములు దాటిపోయాయి. తిండిలో అదనంగా కలిపే చక్కెర వీలైతే 25 గ్రాముల లోపు ఉండటం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. టీలు రెండుకు తగ్గించి, చెంచాలు వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. మూడు నాలుగు వారాలకు నాలుక అలవాటు పడుతుంది.

బెల్లం, తేనె, తాటిబెల్లం "సహజం" కాబట్టి మంచివని నమ్మే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇన్సులిన్‌కు వాటికీ పంచదారకూ పెద్ద తేడా తెలియదు. సున్నుండలో మినుములు, నెయ్యి మంచివే అయినా సగం బెల్లమే. రజస్వల అయిన పిల్లకు బలం కోసమని రోజుకు రెండు మూడు పెట్టే అలవాటును, ఆ పిల్లకు నెలసరి గతి తప్పుతుంటే, ఆపాలి.

పండ్లు తినండి. జామ, బొప్పాయి, యాపిల్, బత్తాయి, నేరేడు, రోజుకు ఒకటో రెండో, కోసుకుని తినండి, రసం తీయకండి. మామిడి సీజన్‌లో నోరు కట్టేసుకోవడం కన్నా చిన్న పండులో సగం, అన్నం తిన్న వెంటనే కాకుండా సాయంత్రం, నాలుగు బాదంపప్పులతో తినడం మంచిది. అరిసెలు, బొబ్బట్లు పండగ రోజు ఒకటి భోజనం చివర తినండి. ఖాళీ కడుపుతో టీలో ముంచుకుని తినేదానికీ దీనికీ చాలా తేడా ఉంది. పండగ తర్వాత డబ్బా నిండా మిగిలితే పక్కింటికి పంచేయండి.

కార్తీక మాసం, శనివారం ఉపవాసాలు ఉన్నవాళ్ళు పగలంతా టీలతో గడిపి సాయంత్రం అట్లు, ఉప్మా కడుపునిండా తింటే ఉపవాసం వల్ల వచ్చే లాభం రాదు. పాలు, పెరుగు, గింజలు, పండ్లతో పగలు గడిపి సాయంత్రం మామూలు భోజనమే చేయండి.

9. రాత్రి భోజనం, నిద్ర

ఎనిమిది లోపు తినగలిగితే మంచిది. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా సరే. భోజనం తర్వాతి నడక షుగర్‌ను నేరుగా తగ్గిస్తుంది. అమెరికా టైముకు పనిచేసే ఐటీ ఉద్యోగుల పరిస్థితి కష్టం. వాళ్ళు పెద్ద భోజనం షిఫ్ట్ మొదలవకముందే ముగించి, అర్ధరాత్రి గుడ్డు, మజ్జిగ, గుగ్గిళ్ళు వంటివి తేలిగ్గా తినాలి. రాత్రి రెండింటికి ఆర్డర్ పెట్టే బిర్యానీ అన్ని విధాలా తప్పు టైములో పడే తిండి.

నిద్ర తక్కువైతే మర్నాడు తీపి మీదకు మనసు పోతుంది. గట్టిగా గురక, పగలంతా మత్తు ఉంటే డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ అప్నియా పీసీఓఎస్‌లో ఎక్కువ.

10. సన్నగా ఉన్నవాళ్ళకు

పీసీఓఎస్ సన్నటివాళ్ళకూ వస్తుంది. వాళ్ళకు "బరువు తగ్గు" అన్న సలహా హాని చేస్తుంది. తిండి మరీ తగ్గిస్తే ఆ కారణంగానే నెలసరి ఆగిపోవచ్చు. వీళ్ళు అన్నం మరీ తగ్గించకుండా, పైన చెప్పిన కలయికలు పాటిస్తూ, కండ పెంచే వ్యాయామం చేయాలి. కొలవాల్సింది నడుము, షుగర్, నెలసరి.

బరువు ఎంతున్నా సరే, వారంలో 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ, రెండు రోజులు గుంజీలు, గోడ పుషప్‌లు, డంబెల్స్ వంటి కండరాల వ్యాయామం ఉండాలి. ఇన్సులిన్ మాటను ముందుగా వినేది కండరాలే.

11. డబ్బు పెట్టే ముందు ఆలోచించాల్సినవి

పాలు మానేస్తే పీసీఓఎస్ తగ్గుతుందని రుజువు లేదు. పాలతో మొటిమలు ఎక్కువవుతున్నాయని మీకే అనిపిస్తే ఒక నెల ఆపి చూడండి, పెరుగు మాత్రం ఉంచుకోండి. గోధుమ మానడం, గోధుమలోని గ్లూటెన్ పేగులకు పడని సీలియాక్ జబ్బో, గోధుమ అలర్జీ వంటిదో ఉన్నవాళ్ళకే అవసరం. కీటోతో మొదట్లో బరువు దిగుతుంది, కానీ మన ఇళ్ళలో అది నెలల తరబడి నిలవదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు అలాంటి తీవ్రమైన డైట్ల జోలికి సొంతంగా వెళ్ళకూడదు. నెలలో సగం రోజులు ఒక రకం గింజలు, మిగతా సగం మరో రకం తినమనే పద్ధతికి గట్టి ఆధారం లేదు. అవిసెలు, నువ్వులు నెలంతా తినండి, పీచు కోసం.

మెంతులు నానబెట్టి తింటే పీచు దొరుకుతుంది, షుగర్‌కు కొంత సాయం. అంతకుమించి ఆశించకండి. ఇనోసిటాల్ అనే సప్లిమెంట్‌ను మన దగ్గర డాక్టర్లు తరచుగా రాస్తారు. హాని తక్కువే అయినా ఆధారాలు పరిమితంగానే ఉన్నాయి. డబ్బు ఇబ్బందిగా ఉంటే మొదట గుడ్లు, పప్పులు, కూరగాయలకే ఖర్చుపెట్టండి. విటమిన్ డి పరీక్షలో తక్కువొస్తే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గవచ్చు. అందులోనూ శాకాహారులు ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ మాత్ర భోజనంతో వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది.

ఇంట్లోవాళ్ళకు కూడా ఒకటి చెప్పాలి. పళ్ళెం మార్చేది ఒక్క అమ్మాయికే అయితే అది శిక్షలా మారుతుంది. అత్తయ్య, అమ్మ, భర్త, అందరూ అదే వంట తినాలి. ఈ భోజనం వాళ్ళ షుగర్‌కూ, బీపీకీ కూడా మంచిదే. పీసీఓఎస్ ఉన్నవారిలో దిగులు, ఆందోళన, తిండి మీద అదుపు తప్పడం ఎక్కువ. రహస్యంగా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం కనిపిస్తే డైట్ కాగితం పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళండి.

12. ఫలితం ఎప్పుడు, డాక్టరు దగ్గరకు ఎప్పుడు

కనీసం మూడు నెలలు ఇవ్వండి. మొదట ఆకలి అదుపులోకి వస్తుంది, మధ్యాహ్నం మగత తగ్గుతుంది. తర్వాత నడుము, ఆ తర్వాత నెలసరి. గడ్డం వెంట్రుకలకు ఆరు నెలలకు పైగానే పడుతుంది, తిండి ఒక్కటే వాటికి చాలకపోవచ్చు కూడా. తూకం కదలకపోయినా నెలసరి 60 రోజుల నుంచి 40కి వచ్చిందంటే చికిత్స పనిచేస్తోందని అర్థం.

90 రోజులు దాటినా నెలసరి రాకపోతే డైట్ చూసుకుంటానని ఆగకండి. గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది, ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. దానికి డాక్టరు హార్మోన్ మాత్రలు ఇచ్చి నెలసరి రప్పించాలి. విపరీతమైన రక్తస్రావం, కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగిన వెంట్రుకలు, గొంతు బొంగురుపోవడం ఉంటే వెంటనే వెళ్ళాలి, కారణం వేరే కావచ్చు.

తిండి మార్చాక అండం విడుదల తిరిగి మొదలుకావచ్చు, నెలసరి రాకముందే గర్భం రావచ్చు. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్ళు గర్భనిరోధం గురించి డాక్టరును అడగండి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, షుగర్ పరీక్ష మళ్ళీ చేయించుకోండి. గర్భం నిలిచాక కూడా షుగర్ వచ్చే అవకాశం పీసీఓఎస్‌లో ఎక్కువ కాబట్టి మొదటి విజిట్‌లోనే ఈ సంగతి చెప్పండి. వెళ్ళేటప్పుడు నెలసరి క్యాలెండర్, తిండి డైరీ, మొదటి రోజు రాసిన అంకెలు వెంట తీసుకెళ్ళండి.